బాపూ, ఆ చైన్ కవర్ మళ్ళీ బిగించు

సాల్ఫోర్డ్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి.

బాపూ,

నిన్న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే తమ్ముడు వెనకాల బండి బయటికి తీస్తున్నాడు. కటకటా అని ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. అడిగితే "చైన్ జర వదులైంది బిడ్డా" అని ఫోన్ అమ్మకిచ్చేశావు. ఫోన్‌లో చెబితే నువ్వు ఊఁ కొడతావు, పెట్టెయ్యగానే పొలం గుర్తొస్తుంది. అందుకే కాగితం మీద రాస్తున్నా. మా ఆసుపత్రి వార్డులో పనిచేసే హన్మకొండ అమ్మాయి బతుకమ్మ పండక్కి ఇంటికొస్తోంది, ఆమెతో పంపిస్తున్నా. దీన్ని పాసుబుక్కుల డబ్బాలో దాచకు. బండి పక్క డబ్బాలో పానాల దగ్గర పెట్టు.

అది వదులు కాదు బాపూ, అరుగుదల. సంక్రాంతికి నేనొచ్చినప్పుడే వెనక చక్రం చివరి గీత దాకా జరిగి ఉంది. ఇంకా వెనక్కి లాగడానికి చోటే లేదు. చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ఒక్కో లింకు దగ్గర పిన్ను, దాని చుట్టూ బుష్షు ఉంటాయి. మన ఎర్రమట్టి దుమ్ము, వానల్లో పొలం దారి నల్లరేగడి లోపలికి చేరి ఆ రెంటినీ అరగదీస్తాయి. ఒక్కో చోట పోయేది వెంట్రుకవాసే. కానీ వందకు పైగా లింకులు కదా, అన్నీ కలిస్తే అంగుళం దాటుతుంది. అప్పుడు చైన్ స్ప్రాకెట్ మీద, అంటే దాన్ని పట్టి తిప్పే పళ్ళ చక్రం మీద, సరిగ్గా కూర్చోదు. ఎక్కుతూ దిగుతూ చప్పుడు చేస్తుంది. ఎప్పుడో ఒకరోజు గుంతలో ఎగిరి పడుతుంది, లేదంటే తెగి చక్రానికి చుట్టుకుంటుంది.

నా మాట మీద అనుమానం ఉంటే తమ్ముడితో టేపు పెట్టి కొలిపించు. చైన్‌ను బిగువుగా పట్టుకుని ఒక పిన్ను నడిమి నుంచి 21వ పిన్ను నడిమి దాకా, అంటే 20 లింకులు కొలవాలి. మన స్ప్లెండర్‌కు వేసే 428 సైజు చైన్ కొత్తదైతే సరిగ్గా 254 మిల్లీమీటర్లు వస్తుంది. 259 దాకా వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

ఇదంతా ఇంత ధైర్యంగా ఎట్లా చెబుతున్నానంటే, పోయిన ఆదివారం నా బండికి నేనే చైన్ మార్చుకున్నా. నాది పాత హోండా 125. డబ్బా మీద 428 అని చూడగానే మన బండే గుర్తొచ్చింది. ఇక్కడ మట్టి బాధ లేదు గానీ, చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళు తగిలి చైన్ తుప్పు పడుతుంది. షాపులో చేయిస్తే సామాను కంటే కూలీ ఎక్కువ. ఇంటి వెనక చిన్న గచ్చు మీద అట్టపెట్టె విప్పి పరిచి, నువ్వు నేర్పినట్టే నట్లన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నా. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం వేళకు అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఇంకో సంగతి తెలిసింది. ఈ రకం చైన్ పుట్టింది నేనుండే ఈ చోటే అట. హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ మనిషి 1879లో సాల్ఫోర్డ్‌లో బట్టల మిల్లులకు గొలుసులు చేసే చిన్న కార్ఖానా కొన్నాడు. మరుసటి ఏడే, 1880లో, బుష్షూ రోలరూ ఉన్న గొలుసుకు పేటెంట్ తీసుకున్నాడు. నీ స్ప్లెండర్‌కూ నా హోండాకూ తిరుగుతున్నది ఇప్పటికీ అదే నమూనా. చదువుతుంటే మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు గుర్తొచ్చింది. 1934లో మిల్లు పెట్టిన సంగతులు తాత చెబుతుంటే నేను నిద్రపోయేదాన్ని. తాత ఉంటే ఈ కబురు ఆయనకే ముందు చెప్పేదాన్ని.

ఇక పని సంగతి. రెండేళ్ళ కింద నువ్వు చైన్ మార్పించినప్పుడు దుకాణంలో పళ్ళు బాగానే ఉన్నాయని చైన్ ఒక్కటే అంటగట్టారు. అది ఏడాది కూడా ఆగలేదు. నా బండి విప్పాక కారణం కళ్ళారా చూశాను. అరిగిన స్ప్రాకెట్ పళ్ళు కొడవలి మొనలాగా ఒక పక్కకు వంగి ఉంటాయి. కొత్త చైన్ వాటి మీద పడితే ఆ వంపే దాన్ని తినేస్తుంది. కాబట్టి ఈసారి ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, చైన్ మూడూ కలిపి సెట్టు కొను. పాత వాటికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి చీటీ మీద రాసుకుని వెళ్ళు. నేను డబ్బులు వేస్తాను, అందులో వెనకాడకు.

విప్పడం నువ్వు నాకంటే బాగా చేస్తావు. ఒక్కటి మాత్రం చెబుతా. చైన్ తీయకముందే, తమ్ముడిని వెనక బ్రేక్ తొక్కి పట్టుకోమని, ముందు స్ప్రాకెట్ ప్లేటుకున్న రెండు బోల్టులు వదులు చెయ్యి. చైన్ తీశాక అది చేతితో పాటే తిరుగుతుంది, పానా పట్టు దొరకదు. వెనక స్ప్రాకెట్ నట్ల కింద లాక్ వాషర్ల రెక్కలు మడిచి ఉంటే ముందు వాటిని నిలబెట్టు, బిగించాక మళ్ళీ మడువు.

కొత్త చైన్ రెండు కొసలనూ వెనక స్ప్రాకెట్ పళ్ళ మీదనే కలుపు. పళ్ళే పట్టుకుంటాయి, లాక్, అంటే రెండు కొసలనూ కలిపే లింకు, హాయిగా దూరుతుంది. ఇక లాక్ క్లిప్. ఇది ఒకటికి రెండుసార్లు చూడాలి బాపూ. క్లిప్ చేపలాగా ఉంటుంది, ఒక పక్క మూసిన తల, ఒక పక్క చీలిన తోక. బండి ముందుకు పోయేటప్పుడు చైన్ ఎటు పోతుందో తల అటు ఉండాలి. పైవరసలో చైన్ ఇంజిన్ వైపు పోతుంది, కాబట్టి లాక్ పైన ఉన్నప్పుడు చేప ఇంజిన్ వైపు చూడాలి. అదే లాక్ కిందికి వచ్చినప్పుడు వెనక్కి చూస్తుంది, అప్పుడు తప్పుగా పెట్టానేమో అని తిప్పకు. తోక ముందుంటే రాయో పుల్లో తగిలి క్లిప్ జారిపోతుంది. సెట్టులో కొత్త క్లిప్ ఇస్తారు, పాతది వాడకు. రెండు పిన్నుల గాడుల్లోనూ అది పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడు.

తర్వాత బిగింపు. మన దగ్గర అందరూ కొత్త చైన్‌ను వీణ తీగలాగా బిగిస్తారు. అది తప్పు. బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టి, కింది వరస నడుమ చైన్‌ను వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం ఆడాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఆ అంగుళం ఉండాలి. నువ్వు, అమ్మ, మధ్యలో బియ్యం సంచీ పెట్టుకుని కూర్చుంటే వెనక భాగం దిగుతుంది, రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. అప్పుడు ఆ వదులే ఆదుకుంటుంది. అది లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగుల మీద పడుతుంది. నేను మొదటిసారి బిగువెక్కువ పెట్టాను. నాలుగు వీధులు తిరిగేసరికి ఈలలాంటి చప్పుడొచ్చింది, వెంటనే ఇంటికొచ్చి వదులు చేశాను. రెండు పక్కలా గీతలు సమానంగా ఉన్నాయా చూసి, ఇరుసు నట్టు గట్టిగా బిగించు. చక్రం జరిగింది కాబట్టి బ్రేక్ పెడల్, బ్రేక్ తొక్కితే వెలిగే వెనక లైటు కూడా చూసుకో.

500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగువు చూడాలి, కొత్త చైన్ కొంచెం సర్దుకుంటుంది. ఆ తర్వాత ప్రతి 500 కిలోమీటర్లకూ గ్యాస్ నూనెతో (కిరోసిన్‌తో), అది దొరక్కపోతే డీజిల్‌తో, బ్రష్ పెట్టి తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ వెయ్యి. ఆయిల్ లింకు పట్టీల సందుల్లోకి దిగాలి, పైన కారేది గుడ్డతో తుడిచెయ్యాలి. మెకానిక్ దగ్గర ఊరికే వస్తుందని కాలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పొయ్యకు. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి.

ఇప్పుడు చెప్పేది ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం. నువ్వు బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఫస్ట్ గేర్‌లో చక్రం తిప్పుతూ గుడ్డతో చైన్ తుడుస్తావు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆ గుడ్డ నీ చేతిలోంచి లాక్కుపోయింది. నువ్వు వదిలేశావు కాబట్టి సరిపోయింది. సాయంత్రం స్ప్రాకెట్ దగ్గర్నుంచి గుడ్డ పేలికలు ఏరింది నేనే. అప్పుడు ఏమీ తెలియలేదు. ఇప్పుడు నర్సుగా చేతి దెబ్బలకు కట్లు కడుతుంటే, మిషన్‌లో పడ్డ వేలు ఎట్లా ఉంటుందో చూస్తుంటే, ఆ గుడ్డే కళ్ళ ముందుకు వస్తుంది. ఇంజిన్ ఆపు బాపూ. తాళం తీసి జేబులో వేసుకో. న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనీ.

ఇంకొకటి, మోగుతోందని విప్పి గొడ్లకొట్టం అటక మీద పడేసిన చైన్ కవర్. అది దించి, వంకర సరిచేసి, ఊగకుండా బోల్టులకు వాషర్లు వేసి బిగించు. కవర్ ఉంటే సగం మట్టి లోపలికే రాదు. అంతకంటే, అమ్మ ఎప్పుడూ ఎడమ పక్కకే కాళ్ళు పెట్టి కూర్చుంటుంది. చైన్ ఉన్నదీ ఆ పక్కనే. సద్దుల బతుకమ్మకు పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో బతుకమ్మ పెట్టుకుని చెరువు కట్ట దాకా నీ వెనకే కదా వచ్చేది. రెండు చేతులూ బతుకమ్మ మీదే ఉంటాయి, చీర అంచు ఎటు జారిందో ఆమె చూసుకోలేదు. ఆ కవర్ లేకుండా ఆమెను బండి ఎక్కించనని నాకు మాటివ్వు.

దసరా వెళ్ళగానే పత్తి తీత, ఇక నువ్వు ఏనుమాముల మార్కెట్టుకూ ఇంటికీ తిరుగుతూనే ఉంటావు, బండి విప్పడానికి టైమ్ దొరకదు. సద్దులకు ముందే ఈ పని పెట్టుకో. క్లిప్ వేశాక, కవర్ బిగించకముందు, తమ్ముడితో దగ్గరగా ఒక ఫొటో తీయించి పంపు. చేప తల ఎటుందో నేను చూస్తాను. రాత్రి డ్యూటీలో ఉన్నా సరే, చూసి జవాబిస్తాను. అప్పటిదాకా కవర్ బిగించకుండా ఆగు.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు, చీర సంగతి ముఖ్యంగా.

నీ పెద్దబిడ్డ