నీళ్లు తీసేసి రాకూడదా అన్నారు కదా

న్యూజెర్సీ
నవంబరు 24

నాన్నకి నమస్కారాలు.

టికెట్లు ఖాయమయ్యాయి. డిసెంబరు 12 రాత్రి ఇక్కడ ఎక్కితే 14 తెల్లవారుజామున మద్రాసులో దిగుతాం. ఆ వేళప్పుడు మీరు కారేసుకుని రావద్దు. మీ అల్లుడు కారు మాట్లాడేశారు. పుత్తూరు మీదుగా వచ్చి టిఫిను వేళకి ఇంట్లో ఉంటాం. తిరుగు ప్రయాణం జనవరి 24న.

ఇక ఈ ఉత్తరం ఎందుకంటే, పోయిన భోగి నాడు మీరడిగిన మాటకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. మంట దగ్గర పిల్లలు పలకలు కొడుతుంటే నేనొక పక్కన చెవి మూసుకుని ఫోన్లో అరుస్తూ నిలబడ్డాను, గుర్తుందా? చేసింది ఇక్కడి పక్కింటి పెద్దాయన. మా పెరట్లో ఈత కొలను మీద కప్పిన పట్టా ఒక పక్క కుంగి లోపలికి జారిపోయిందట. ముందు వాన పడింది, వెంటనే చలి మైనస్ 12కి దిగింది. పట్టా మీద నిలిచిన నీళ్లు తోడే చిన్న మోటారు గొట్టం గడ్డకట్టింది. నీళ్లు పేరుకుని, ఆ బరువుకి పట్టా దిగిపోయింది. ఏప్రిల్లో తీసి చూస్తే లోపలి నీళ్లు కాఫీ డికాషనే.

ఆ భోగి నాడే మీరన్నారు, "ఇంత టెన్షన్ ఎందుకే, నీళ్లన్నీ తీసేసి, గేటుకి తాళం వేసి రాకూడదా? బ్రహ్మోత్సవాల ముందు కొండ మీద పుష్కరిణినే ఖాళీ చేసి కడుగుతారు, నీ తొట్టి ఎంత?" అని. మా తొట్టిలో 80,000 లీటర్లు పడతాయి నాన్నా. మన వీధికి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 16. అయినా నీళ్ల ఖర్చు గురించి కాదు నా బాధ.

2021 నవంబరు వానలు తలుచుకోండి. తిరుపతి వీధులన్నీ ఏరులయ్యాయి. వెనక వీధిలో కొత్తగా కట్టి ఇంకా నింపని సంపు ఒక మూల పైకి లేచిందని మీరే ఫోన్లో చెప్పారు. భూమిలో నీళ్లు పైకొస్తే ఖాళీ తొట్టి పడవలా తేలుతుంది. లోపలి నీళ్ల బరువే దాన్ని కిందికి అదిమి పెడుతుంది. ఇక్కడ మంచు కరిగే రోజుల్లో నేలంతా నానిపోయి ఉంటుంది. అప్పుడు ఖాళీగా ఉంటే కాంక్రీటు బీటలిస్తుంది, పైపులు విరుగుతాయి. పుష్కరిణి కొండ మీది రాతి కట్టడం. పైగా పక్కనే ఇంతమంది సిబ్బంది ఉండి నెల తిరిగేలోగా మళ్లీ నింపేస్తారు. మా పెరట్లో ఎవరున్నారు, జింకలు తప్ప.

కాబట్టి కొలనులో నీళ్లు ఉండాలి, పైపుల్లో మాత్రం చుక్క ఉండకూడదు. నీళ్లు గడ్డకడితే ఇంచుమించు 9 శాతం ఉబ్బుతాయి. తమ్ముడు ఫ్రిజ్ పైఅరలో గాజు సీసా నిండా నీళ్లు పెట్టి పగలగొట్టినందుకు అమ్మ వాడి వీపు విమానం మోత మోగించింది చూడండి, అదే సంగతి. కొలనులో పైన మాత్రమే మంచు పలకలా కడుతుంది, అడుగున నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. పైపులో అలా కాదు, పక్కకి జరగడానికి చోటుండదు. ఇల్లు కొన్న మొదటి ఏడాది, చలికాలానికి కొలను మూసే పని ఒక కంపెనీకి ఇచ్చాం. వాళ్లు పైపుల్లోకి గాలి సరిగ్గా కొట్టకుండానే బిరడాలు బిగించి డబ్బు తీసుకెళ్లారు. వసంతంలో గచ్చు పగలగొట్టి పైపు మార్పించుకున్నాం. అడిగితే, మీ పైపు పాతది అన్నారు!

అందుకే ఈసారి మేమే చేశాం. అక్టోబరులో నీళ్లు 15 డిగ్రీలకి దిగేదాకా ఆగాం. వెచ్చగా ఉండగా మూస్తే పట్టా కింద పాచి పడుతుంది. క్లోరిన్ వేసి, నీళ్ల మట్టం పైపు నోళ్ల కిందికి దించి, అద్దెకి తెచ్చిన కంప్రెసర్‌తో ఒక్కో పైపులోకి గాలి కొట్టాం. అవతలి నోట్లోంచి ముందు నీళ్లు, తర్వాత తుంపర, చివరికి ఒట్టి గాలి వచ్చాక బిరడా బిగించడం. పెద్దోడు ఆ నోటి దగ్గరే నిలబడి మూడుసార్లు తడిశాడు. ఆకులు పట్టే గోడ తొట్టిలో మూత బిగించిన ఖాళీ కోలా సీసాలు, పైకి తేలకుండా కాస్త గులకరాళ్లు వేసి నిలబెట్టాం. మంచు ఉబ్బితే సీసా నలుగుతుంది, గోడ పగలదు. మోటారు అడుగు బిరడాలు విప్పి, దాని జల్లి బుట్టలోనే వేశాం. పోయినేడు "భద్రంగా" దాచినవాటిని వెతకడానికి ఒక పూట పట్టింది.

పాత పట్టా పారేశాం. ఇప్పుడేసింది వల లాంటిది, గచ్చులోకి దిగిన కొక్కేలకి స్ప్రింగులతో లాగి కట్టాం. వాన దాని మీద నిలవదు, లోపలికి దిగుతుంది. తోడే మోటారు బెడద లేదు కానీ, లోపలి మట్టం పెరుగుతుంది. ఆ ఒక్కటే పెద్దాయన చూడాలి. కొలను గోడకి ఎర్ర టేపు అతికించాను. నీళ్లు అక్కడికి వస్తే చిన్న మోటారు దించి జానెడు తోడేయమన్నాను. మంచు పడితే పట్టా మీద అలాగే ఉండనివ్వాలి, పలక కడితే సుత్తితో కొట్టకూడదు, దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి ఇస్తే ఆయన చదివి, "నేను ఈ వీధిలో 40 ఏళ్లుగా ఉంటున్నాను" అన్నాడు. ఊరుకున్నాను.

ఇంటి సంగతి పెద్దగా లేదు. నీళ్ల మెయిన్ కట్టేసి, హీటరు 13 డిగ్రీల మీద ఉంచి వస్తాం.

అక్కడ వానలెలా ఉన్నాయి? కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని అమ్మ వీడియో పంపింది. మేం వచ్చేదాకా ఆగుతుందో లేదో, చిన్నది రోజూ అడుగుతోంది. మీరు మాత్రం ఈ వానలో మిద్దె ఎక్కి ట్యాంకు కడగబోకండి, మెట్లు పాచి పట్టి ఉంటాయి. మీ అల్లుడికి ఇప్పుడు ఆ పని బాగా వచ్చు, వచ్చాక చేయిద్దాం.

భోగి నాడు నా ఫోన్ మీ జేబులో పెట్టుకోండి. పెద్దాయన చేస్తే నీళ్లు ఎర్ర టేపు దాకా వచ్చాయేమో అడగండి చాలు.

మీ
పెద్దమ్మాయి