కుక్కను నడిపించడానికి చోటు చూపించండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విజయవాడలో మేముండే మూడో అంతస్తు ఫ్లాటులో ఒక లాబ్రడార్‌ను పెంచుకుంటున్నాం. ఇటీవల పశువైద్యులు దాని డొక్కలు తడిమి, పక్కటెముకలు చేతికి తగలడం లేదు, బరువు ఎక్కువైందన్నారు. తిండి తగ్గించి, రోజూ బాగా నడిపించమన్నారు. బిస్కట్లు, పెరుగన్నం ముద్దలు మానేశాం, కుక్కల కోసం అమ్మే గింజల తిండి కొలిచి పెడుతున్నాం. అంతవరకు మా చేతిలో పని. నడిపించే చోటు మాత్రం మీ శాఖ చేతిలో ఉంది.

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ చూడండి. ఎప్పుడూ కట్టేసి గానీ, ఇరుకు చోట బంధించి గానీ ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం యజమాని నేరమని అందులో ఉంది. మంచి చట్టం, పాటించాలనే మా తాపత్రయం. కానీ మా దగ్గరలోని పార్కు గేటు మీద ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని బోర్డు ఉంది. ఇక మిగిలింది రోడ్డే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ వేడిని వదిలించుకోవాలి, ఒంట్లో కొవ్వు పేరుకున్న కుక్కకు అది మరింత కష్టం. బెజవాడ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. వేసవిలో పొద్దెక్కితే తారురోడ్డు మీద దాని పాదాలు కాలిపోతాయి. అందుకని చీకటితోనే బయలుదేరుతాం. ఆ వేళ వీధికుక్కలు చుట్టుముడతాయి (వాటి తప్పు లేదు, అది వాటి చోటు), పేవ్‌మెంటు మీద బళ్లు నిలిపి ఉంటాయి. వీధి చివరి నుంచే వెనక్కి తిరగాల్సి వస్తుంది. అలాంటి నడకతో బరువు తగ్గదు.

ఇది ముచ్చట కోసం అడుగుతున్నది కాదు. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. నాలుగో వంతు తక్కువ తిని సన్నగా ఉన్నవి తోడబుట్టిన వాటికంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి.

హైదరాబాద్ కొండాపూర్‌లో నగరపాలక సంస్థ 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. మేము అంత అడగడం లేదు. ప్రతి పట్టణంలో ఒక పార్కులో ఓ మూల కంచె వేసి, మట్టినేల, చెట్టునీడ, ఒక కుళాయి, చెత్తడబ్బా ఉంచి, ఉదయం 5 నుంచి 7 వరకు అనుమతిస్తే చాలు. పిల్లలతో, పెద్దవాళ్లతో పార్కుకు వచ్చేవారి భయం న్యాయమైనదే. కాబట్టి లైసెన్సు, రేబిస్ టీకా పత్రం లేనిదే లోపలికి రానివ్వకండి. కంచె బయట గొలుసు తప్పనిసరి చేయండి. మలం ఎత్తని యజమానికి జరిమానా వేయండి, మేము అభ్యంతరం చెప్పం. ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీద నడకదారులు వేసే చోట కూడా గొలుసుతో వచ్చే కుక్కలకు అనుమతి రాసిపెట్టండి.

ముందు విజయవాడలో ఒక్క పార్కులో, వచ్చే వేసవిలోపు ప్రయోగంగా మొదలుపెట్టించండి. ఫిర్యాదులు వస్తే ఆరు నెలల తర్వాత సమీక్షించండి. అక్కడి శుభ్రత బాధ్యత వంతులవారీగా తీసుకోవడానికి మా వీధిలో కుక్కలు పెంచుకునేవాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
విజయవాడ పౌరురాలు