శిక్షణ బృందానికి: మీ నమోదు పేజీల గురించి

అందరికీ నమస్కారం. నిన్న మీరు పంపిన నమోదు పేజీలన్నీ నా ఫోనులో తెరిచి చూశాను. కంప్యూటర్ తెరపై ముచ్చటగా ఉన్నవి ఫోనులోకి వచ్చేసరికి చీమల బారులా కనిపించాయి. కారణం, చాలామంది హెచ్‌టీఎంఎల్ హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని తెర వెడల్పుకు సరిపెట్టమని బ్రౌజర్‌కు చెప్పే వరుస) పెట్టలేదు. అది లేకపోతే ఫోను బ్రౌజర్ పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పుగా అనుకుని, మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. ఒక్క వరుస కోడ్, అంతే.

ఇక బటన్లు. ఒకరి పేజీలో ‘రద్దు’, ‘పంపు’ అతుక్కుని కూర్చున్నాయి. పంపుదామని నొక్కితే నేను నింపినదంతా తుడిచిపెట్టుకుపోయింది, అదీ రెండుసార్లు! నొక్కే చోటు కనీసం ఆపిల్ మార్గదర్శకాల ప్రకారం 44 పాయింట్లు, గూగుల్ మెటీరియల్ డిజైన్ ప్రకారం 48 డీపీ ఉండాలి (పాయింటు, డీపీ రెండూ ఫోను తెరలపై వాడే కొలతలే). ఈ రెండు అంకెలూ కంఠస్థం చేయండి.

లేత బూడిద రంగు అక్షరాల మీద మోజు తగ్గించుకోండి. మామూలు పరిమాణంలోని అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా నిష్పత్తి, కనీసం 4.5:1 ఉండాలి. ఎండలో నిలబడి చదివితే ఎందుకో తెలుస్తుంది.

ఫోను నంబరు గడికి ఇన్‌పుట్ రకం ‘టెల్’ అని ఇస్తే అంకెల కీబోర్డు దానంతట అదే వస్తుంది. ఈ పని చేసినవారు ఇద్దరే, వారికి శభాష్.

రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నారు. ముందు ఒక ఫారమ్‌ను ఉత్త జావాస్క్రిప్ట్‌తో సరిచూడగలగాలి, ఆ తర్వాతే. సవరించిన పేజీలు శుక్రవారంలోగా పంపండి. పంపేముందు ఫోను ఒంటిచేత్తో పట్టుకుని, బొటనవేలితోనే ఒకసారి నింపి చూడండి.