కృష్ణకమలం తీగ మీది గల్ఫ్ ఫ్రిటిల్లరీ

పిల్లలూ, టెక్సాస్‌లో మన పెరట్లో కృష్ణకమలం తీగ చుట్టూ తిరిగే నారింజరంగు సీతాకోకచిలుక పేరు గల్ఫ్ ఫ్రిటిల్లరీ. రెక్కలు విప్పితే నల్లచుక్కలే కనిపిస్తాయి. ముడిచినప్పుడు చూడండి, అడుగున వెండిమచ్చలు తళతళలాడతాయి. అసలు అందం అక్కడే ఉంది!

గుడ్డు పసుపుగా, సుమారు 1 మి.మీ. ఉంటుంది. లేతాకులమీద, నులితీగలమీద ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్ల వచ్చేముందు గుడ్డు ఎర్రబడుతుంది, పాడైందని పారేయకండి. గొంగళిపురుగు నల్లముళ్లు చూసి భయపడొద్దు, కుట్టవు.

డబ్బాలో పెంచేవాళ్లు రోజూ తాజా ఆకు వేయాలి. తిండి చాలకపోతే పెద్ద పురుగులు చిన్నవాటిని తినేస్తాయి. నర్సరీ తీగ తెచ్చాక పురుగులు చచ్చిపోతుంటే ముందు పురుగుమందునే అనుమానించండి, అది ఆకు లోపల కూడా ఉండొచ్చు. కడిగితే పోదు. ఎర్రపూల రకాలు వద్దు, కొన్నిటి ఆకు వీటికి విషం.

ప్యూపా (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశ) ఎండుటాకులా తలకిందులుగా వేలాడుతుంది. బయటికొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు ముడతలుగా ఉంటాయి, వేలాడుతూనే ఆరాలి. నున్నటి ప్లాస్టిక్ మీద కాళ్లు జారి పడిపోతే రెక్కలు వంకరగా గట్టిపడతాయి. అందుకే డబ్బాలో వలగుడ్డ కట్టండి. సాయం చేద్దామని రెక్కలు లాగొద్దు.

పెద్దలకు: తీగ బోడిగా అయిందని పీకేయకండి. పాసిఫ్లోరా ఇన్‌కార్నాటా అనే కృష్ణకమలం రకం అయితే వేరునుంచి మళ్లీ చిగురిస్తుంది.