సోదా చేశారు సరే, కారణం ఎక్కడ రాశారు?

సంపాదకులకు నమస్కారం.

‘నిర్బంధ తనిఖీలు, పత్రాలు లేని బైకులు స్వాధీనం’ అని జిల్లా పేజీలో తరచూ ఫోటోతో వార్త వస్తుంది, చూసి పేజీ తిప్పేస్తాం, నేనూ అంతే. పోయిన నెల, వీధిని చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికే ఆ తనిఖీ మా వీధికే వచ్చింది. ఇంకా తెల్లారలేదు, అమ్మ అప్పుడే లేచి జుట్టు ముడేసుకుంటోంది, ఇద్దరు కానిస్టేబుళ్లు లోపలికొచ్చి బీరువా తెరిపించారు, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టారు, తమ్ముడి ఫోన్ లాక్ తీయించి వాట్సాప్ చూశారు. ఏ కేసండీ అంటే ‘రొటీన్’ అన్నారు. ఏమీ దొరకలేదు, వెళ్లిపోయారు. ఆ బియ్యమంతా అమ్మ చాటలో పోసుకుని మళ్లీ ఏరుకుంది, పొద్దంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

వారెంట్ లేకుండా పోలీసులు రానే కూడదని నేను అనను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 185వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది, కానీ ఊరికే ఇవ్వలేదు. దర్యాప్తులో ఉన్న కేసుకి కావాల్సిన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి కారణం ఉండాలి, వేరే దారిలో అయితే అనవసర ఆలస్యం లేకుండా అది దొరకదనిపించాలి, ఆ కారణం ముందే కేస్ డైరీలో, అంటే దర్యాప్తు వివరాలు రాసే పుస్తకంలో, రాయాలి, సోదాని వీడియో తీయాలి, రాసిన దాని నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి చేరాలి. వీధిలో ఇన్ని ఇళ్లుంటే అన్నిటికీ కలిపి ఒకే కారణం ఏమని రాస్తారు?

అరెస్టు సంగతీ ఇంతే. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకపోయినా పట్టుకుపోవద్దని, నోటీసిచ్చి పిలవాలని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయినా స్టేషన్‌కి రమ్మని ఫోన్ వస్తే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మీ విలేకరులకు నా మనవి ఒకటే. ఈసారి ఆ ఫోటో వేసేటప్పుడు ఏ కేసులో సోదా చేశారు, వీడియో తీశారా అని ఎస్సైగారిని అడిగి, ఆయన చెప్పిన జవాబు కూడా వేయండి.

సోదా జరిగిన ఇంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే ఆ రికార్డు నకలు మేజిస్ట్రేట్ ఉచితంగా ఇవ్వాలని ఆ 185వ సెక్షన్‌లోనే ఉంది. అమ్మ పేరు మీద అర్జీ రాసి ఉంచాను, సోమవారం కోర్టుకి వెళ్తున్నాం. నకలు ఇచ్చినా, అసలు రికార్డే లేదన్నా మీకు మళ్లీ రాస్తాను.

– మీ పాఠకుడు