ఆదివారం సమావేశం: కోడ్ హక్కుల బదలాయింపు పత్రం

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు, విజయనగరం గంటస్తంభం దగ్గర మనం ఎప్పుడూ కలిసే గదిలో, కొన్ని ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకోగల) ప్రాజెక్టులకు కోడ్ పంపేవారు సంతకం చేయాల్సిన కాపీరైట్ బదలాయింపు పత్రాన్ని వాక్యం వాక్యంగా చదువుకుందాం.

గ్నూ ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌కు సుమారు 15 వరుసలు మించిన మార్పు పంపితే, దాని హక్కులను గ్నూ ప్రాజెక్టుకు అండగా ఉండే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే సంస్థకు రాసివ్వాలి. రాసిచ్చాక కూడా మన కోడ్‌ను మనం వాడుకోవచ్చు. కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే గ్నూ కంపైలర్ జీసీసీ మాత్రం 2021 నుంచి దీన్ని తప్పనిసరి చేయడం లేదు. నిరుడు నేను ఒక ప్రాజెక్టుకు పంపిన 40 వరుసల మార్పు, ఈ సంతకం ముందే చేయకపోవడం వల్ల మూడు నెలలు ఆగిపోయింది. మీకు ఆ ఇబ్బంది రాకూడదు.

ఉద్యోగస్తులు మరింత జాగ్రత్తగా ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమానే కనుక, అభ్యంతరం లేదన్న పత్రం ముందుగా తెచ్చుకోవాలి. 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది.

మీ నియామక పత్రం నకలు తప్పక తీసుకురండి. శ్రీకాకుళం నుంచి వచ్చేవారితో సహా అందరూ వస్తున్నారో లేదో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ తెలియజేయగలరు.