వార్షిక నివేదిక, 2025: ఇంటి పన్ను, బడి నిధులు

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు.

డాలస్ ఉత్తర శివార్లలోని మన సంఘం సభ్యుల్లో చాలామంది పిల్లల చదువుల కోసమే ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నవారు కనుక, ఈ ఏడాది పండుగ వేడుకలతో పాటు ప్రభుత్వ పాఠశాలల నిధులపై అవగాహన సదస్సులు కూడా నిర్వహించాము. వేడుకల జమాఖర్చులు విడిగా అందజేస్తున్నందున ఈ నివేదిక సదస్సులకే పరిమితం.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడుల ఖర్చులో అధిక భాగాన్ని స్థానిక ఆస్తి పన్ను, అమ్మకపు పన్నుపై ఎక్కువగా ఆధారపడిన రాష్ట్ర ఖజానా కలిసి భరిస్తాయి. ఫెడరల్ ప్రభుత్వ వాటా స్వల్పం.

ఇళ్ల విలువలు ఇంతగా పెరిగినా స్కూల్ డిస్ట్రిక్టులకు (ఆయా ప్రాంతాల ప్రభుత్వ బడులను నడిపే సంస్థలకు) లోటు ఎందుకు వస్తోందని సభ్యులు పదేపదే అడిగారు. ఒక్కో విద్యార్థికి ఎంత ఇవ్వాలన్నది శాసనసభ నిర్ణయిస్తుంది. స్థానిక పన్ను ఎక్కువ వసూలైతే రాష్ట్రం ఆ మేరకు తన వాటాను తగ్గించుకుంటుంది. 2019లో విద్యార్థికి ఏడాదికి 6,160 డాలర్లుగా నిర్ణయించిన ఈ మూల మొత్తం ఈ ఏడాది 55 డాలర్లు మాత్రమే పెరిగింది. జీతాల వంటి వాటికి విడిగా నిధులిచ్చినా, ఇన్నేళ్లలో పెరిగిన ధరల ముందు ఈ పెంపు ఏ మూలకూ చాలదు. ఈ లెక్కన తమకు రావలసిన దానికి మించి స్థానిక పన్ను వసూలు చేసే డిస్ట్రిక్టులు మిగులును రాష్ట్రానికి కట్టాలి. రీక్యాప్చర్ అనే ఈ ఏర్పాటు, పేద, సంపన్న డిస్ట్రిక్టుల అంతరం రాజ్యాంగ విరుద్ధమని 1989లో ఎడ్జ్‌వుడ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మీదట 1993లో వచ్చింది. మన శివార్లలోని ప్లేనో ఏళ్లుగా ఇలా చెల్లిస్తున్న డిస్ట్రిక్టే. మన పన్ను వేరే ఊరికి పోతోందని కొందరు సభ్యులు బాధపడినా, ఆస్తులు లేని ఊళ్ల పిల్లలకూ సమానమైన చదువు అందాలన్న ఉద్దేశాన్ని కార్యవర్గం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నది. మన అభ్యంతరమల్లా మూల మొత్తం పెరగకపోవడంపైనే.

డిస్ట్రిక్టు బాండ్ల రూపంలో తెచ్చే అప్పు తీర్చేందుకు కట్టే బాండ్ల పన్ను వేరు. ఓటర్లు ఆమోదించిన ఆ అప్పు సొమ్ము భవనాలకు, బస్సులకు, పరికరాలకే గాని జీతాలకు వాడరాదు.

మన కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసినది హాజరు. రాష్ట్రం బడిలో చేరిన పిల్లల సంఖ్యను కాక, సగటు రోజువారీ హాజరును బట్టి నిధులిస్తుంది. సంక్రాంతికనో పెళ్లిళ్లకనో బడి నడిచే రోజుల్లో పిల్లలను వారాల తరబడి ఇండియాకు తీసుకువెళ్తే, చదువుతో పాటు బడి రాబడీ తగ్గుతుంది. ప్రయాణాలను వీలైనంతవరకు సెలవుల్లోకి మార్చుకోవలసిందిగా కోరుతున్నాము.

సొంత ఇంట్లో నివసించేవారికి బడి పన్నులో వర్తించే హోమ్‌స్టెడ్ మినహాయింపు (ఇంటి విలువలో పన్ను పడని భాగం) 2023లో లక్ష డాలర్లకు పెరగగా, ఈ నవంబరులో ఓటర్ల ఆమోదంతో 1,40,000 అయింది. దీనివల్ల డిస్ట్రిక్టు కోల్పోయే ఆదాయాన్ని రాష్ట్రం భర్తీ చేస్తుంది కనుక, ఇంకా దరఖాస్తు చేయనివారు సంకోచించకుండా ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు పంపుకోవచ్చు.

వీసాలపై ఉన్న సభ్యులు పన్ను కడుతున్నా ఓటు వేయలేరు. అయితే స్కూల్ బోర్డు సమావేశాల్లో మాట్లాడేందుకు పౌరసత్వం అక్కరలేదు. అందుచేత వచ్చే ఏడాది బడ్జెట్ ఆమోదానికి ముందు జరిగే బహిరంగ విచారణల తేదీలను సభ్యులకు ముందుగా తెలియజేసి, మాట్లాడదలచినవారికి తోడుగా కార్యవర్గ సభ్యులొకరు వెళ్లాలని తీర్మానించాము.